పైథాన్ ఆగుతుంది, తెలుగు ఆగదు

డాలస్, న్యూజెర్సీ, టొరంటో, మెల్‌బోర్న్ వంటి చోట్ల తెలుగు కుటుంబాల పిల్లలకు శని, ఆదివారాలు పేరుకే సెలవులు. ఈత, సంగీతం, నృత్యం, లెక్కలు, వాటి పక్కనే తెలుగు బడి, కోడింగ్ తరగతి. పిల్లలు ఆరో ఏడో తరగతికి వచ్చేసరికి బడి పని పెరుగుతుంది, వీటిలో ఏదో ఒకటి మానిపించక తప్పదు. అప్పుడు ఎక్కువ ఇళ్లలో ముందుగా ఆగిపోయేది తెలుగు బడే. తల్లిదండ్రులకు భాష మీద ప్రేమ లేక ఇలా జరగడం లేదు. తెలుగు ఇంట్లో ఎలాగూ మాట్లాడుకుంటున్నాం, పైథాన్ వంటి కంప్యూటర్ భాష మాత్రం ఇప్పుడు నేర్చుకోకపోతే వెనకబడిపోతారు అన్న లెక్క వారిది.

ఆ లెక్క తలకిందులుగా ఉంది. ఆలస్యమైతే చేజారేది తెలుగు. పాతికేళ్లకు మొదలుపెట్టినా, నలభైకి మొదలుపెట్టినా పట్టుబడేది కంప్యూటర్ భాష. రెండింటినీ భాష అనే పిలుస్తున్నా, పసితనంతో వాటికున్న సంబంధం పూర్తిగా వేరు. ఒక దేశంలో పుట్టి మరో దేశంలో పెరిగే పిల్లల విషయంలో ఈ తేడా ఎక్కడా లేనంత స్పష్టంగా కనిపిస్తుంది. గుంటూరులోనో కరీంనగర్‌లోనో ఇంట్లో నేర్పడం మరిచిపోయిన మాటను వీధి నేర్పుతుంది. ఇల్లు దాటితే తెలుగు వినబడని ఊళ్లో ఆ భారమంతా ఇంటిదే.

మనిషి భాష ఎంత తొందరగా తలుపులు మూసుకోవడం మొదలుపెడుతుందో తెలుసుకోవడానికి 1984లో కెనడాలో జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు చేసిన ప్రయోగం తెలుగువారికి ప్రత్యేకంగా పనికొస్తుంది. ఇంగ్లీషు మాత్రమే వింటూ పెరుగుతున్న పసిపిల్లలకు హిందీలోని ట, త ధ్వనులు వినిపించారు. ఆరు నుంచి ఎనిమిది నెలల పిల్లలు ఆ రెండింటి తేడాను చక్కగా పట్టుకున్నారు. పది నుంచి పన్నెండు నెలల మధ్య వయసు పిల్లల్లో ఆ శక్తి దాదాపు కనుమరుగైంది. హిందీ మాట్లాడే ఇళ్లలో పెరిగిన పిల్లల్లో మాత్రం అది నిలిచే ఉంది. తెలుగులో పాట, పాత అన్న మాటలను వేరుచేసేది సరిగ్గా ఆ తేడాయే. అమెరికాలో పుట్టి ఇంగ్లీషే వింటూ పెరిగిన యువత పెద్దయ్యాక తెలుగు నేర్చుకోబోయి కోట, కోత దగ్గర తడబడితే అందులో శ్రద్ధాలోపం ఏమీ లేదు. వారి చెవి తొలి పుట్టినరోజు నాటికే వేరే ధ్వనులకు అలవాటు పడిపోయింది.

చెవి ఇలా సర్దుకోవడం ఒక ఎత్తు. వచ్చిన భాష పోవడం ఇంకొక ఎత్తు. 2003లో ఫ్రాన్స్‌లో క్రిస్టోఫ్ పాలియే బృందం, 3 నుంచి 8 ఏళ్ల వయసులో కొరియా నుంచి ఫ్రెంచి కుటుంబాలకు దత్తత వెళ్లినవారిని పెద్దయ్యాక పరీక్షించింది. ఎనిమిదేళ్ల బిడ్డ అంటే కథలు చెప్పగలిగే, పోట్లాడగలిగే, అబద్ధమాడగలిగే వయసు. అంత భాష వచ్చి ఉన్నవారు కూడా పెద్దయ్యాక కొరియన్ వాక్యాలను మిగతా తెలియని భాషల వాక్యాల నుంచి వేరుచేయలేకపోయారు. ఆ భాష ఎన్నడూ వినని ఫ్రెంచివారికీ వీరికీ తేడా దొరకలేదు. మెదడు స్కాన్‌లలోనూ అంతే.

2014లో మాంట్రియల్‌లో జరిగిన మరో అధ్యయనం దీనికి ఒక సవరణ చేర్చింది. ఏడాది వయసు ప్రాంతంలో చైనా నుంచి దత్తత వచ్చి, ఆ తర్వాత ఫ్రెంచి మాత్రమే మాట్లాడుతూ పెరిగిన అమ్మాయిలకు చైనీస్‌లో మాట అర్థాన్నే మార్చేసే గొంతు హెచ్చుతగ్గులు వినిపించారు. వారికి ఒక్క చైనీస్ మాట కూడా రాదు. అయినా వారి మెదడు స్పందించిన తీరు చైనీస్ మాట్లాడేవారి మెదడు స్పందించిన తీరులాగే ఉంది. రెండు ఫలితాలనూ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక విషయం బోధపడుతుంది. వాడకం ఆగితే మాటలు, వ్యాకరణం పోతాయి. తొలినాళ్లలో విన్న ధ్వనుల జాడ మాత్రం ఎక్కడో మిగిలే ఉంటుంది. ఆ జాడతో మాట్లాడలేం గానీ, దాన్ని పునాదిగా వాడుకోవచ్చు.

దత్తత వెళ్లిన పిల్లలకు పాత భాష ఒక్కరోజులో ఆగిపోతుంది. వలస కుటుంబాల్లో అది ఇంట్లో వినబడుతూనే ఉంటుంది కదా అన్న ప్రశ్న న్యాయమైనదే. దానికి బెల్జియంలో సమాధానం ఉంది. ఫ్లాండర్స్ ప్రాంతంలో సుమారు 1,900 కుటుంబాల సమాచారాన్ని ఆనిక్ డి హవర్ 2007లో విశ్లేషించారు. అవన్నీ తల్లిదండ్రుల్లో ఒకరైనా ఇంట్లో స్థానిక భాష కాక మరో భాష మాట్లాడే కుటుంబాలు. వాటిలో దాదాపు నాలుగో వంతు ఇళ్లలో పిల్లలు ఆ రెండో భాష మాట్లాడడమే లేదు. అర్థం కావడం వేరు, నోరు తెరిచి మాట్లాడడం వేరు. తల్లిదండ్రులిద్దరూ ఇంట్లో తమ భాషకే కట్టుబడిన చోట పిల్లలు దాదాపు తప్పకుండా దాన్ని నిలుపుకున్నారు. ఇద్దరూ స్థానిక భాషను ఇంట్లోకి రానిచ్చిన కొద్దీ ఫలితం పలచబడింది. 'ఇంట్లో ఎలాగూ మాట్లాడుకుంటున్నాం' అన్న ధీమాను ఈ లెక్కల ముందు పెట్టి చూసుకోవాలి. తెలుగులో అడిగిన ప్రశ్నకు ఇంగ్లీషులో జవాబు వచ్చే ఇల్లు ఇప్పటికే సగం దారి నడిచేసింది.

అలాగని ఐదేళ్లు నిండగానే అంతా అయిపోయిందని బెంబేలు పడనక్కర లేదు. దాదాపు 6.7 లక్షల మంది ఇంగ్లీషు వ్యాకరణ పరీక్ష ఫలితాల ఆధారంగా 2018లో వెలువడిన ఒక పెద్ద విశ్లేషణ ప్రకారం, వ్యాకరణాన్ని ఒంటబట్టించుకునే సామర్థ్యం సుమారు 17 ఏళ్ల దాకా బలంగానే ఉంటుంది. కాకపోతే అందులోనే మరో మాట ఉంది. ఆ భాషలో పుట్టి పెరిగినవారి స్థాయి అందుకోవాలంటే పది, పన్నెండేళ్లలోపు మొదలుపెట్టి ఉండాలి. తెలుగు బడి మానిపించే వయసు సరిగ్గా అదే కావడం దురదృష్టం.

అందరు ప్రవాస పిల్లల కథా ఒకటి కాదు. ఒక దేశం నుంచి మరో దేశానికి వెళ్లి పెరిగే పిల్లల గురించి తొలిసారి గట్టిగా ఆలోచించినవారిలో రూత్ హిల్ యూసీమ్ అనే అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త ఒకరు. 'మూడో సంస్కృతి పిల్లలు' అన్న భావన, 1950లలో భారతదేశంలో ఉంటున్న అమెరికన్ కుటుంబాలను ఆమె, ఆమె భర్త జాన్ యూసీమ్ పరిశీలించినప్పుడు రూపుదిద్దుకున్నదే. ఆ పిల్లలకు తమ ఊరు ఏదో చెప్పుకోవడం కష్టమైంది గానీ, ఇంగ్లీషు పోతుందన్న భయం ఏనాడూ లేదు. వారు ఎక్కడికి వెళ్లినా బడి వారి భాషలోనే ఉండేది. తెలుగు పిల్లలకు ఆ వసతి లేదు. వారి గురించి రాసేటప్పుడు ఆ పాత చట్రాన్ని యథాతథంగా తెచ్చుకోవడం సరికాదు.

గల్ఫ్ సంగతి చూడండి. యూఏఈ ప్రైవేటు బడుల్లో అరబ్బేతర పిల్లలు కూడా తొమ్మిదో తరగతి వరకు అరబిక్ చదవాలి. భారతీయ పాఠ్యప్రణాళిక ఉన్న బడిలో దానికి హిందీ, ఇంగ్లీషు తోడవుతాయి. ఆటస్థలంలో హిందీ, ఉర్దూ, మలయాళం కలగలుస్తాయి. ఇన్ని భాషల మధ్య తెలుగు ఇంటి మాటగానే మిగులుతుంది, అక్షరం దాకా రాదు. అయితే అక్కడి నివాసం తల్లిదండ్రుల ఉద్యోగ వీసాకు ముడిపడినది కాబట్టి, ఇంజనీరింగ్ చదువు వేళకు ఎందరో పిల్లలు హైదరాబాదుకో విశాఖపట్నానికో తిరిగి వస్తారు. సొంత రాష్ట్రంలో బస్సు మీద తెలుగు బోర్డు చదవలేరు. పాతబస్తీలో ఉర్దూలో రాసిన దుకాణం పేరును మాత్రం, బడిలో నేర్చిన అరబిక్ అక్షరాల పుణ్యమా అని, కూడబలుక్కుంటారు. వారికి తెలుగు మళ్లీ అందుతుంది, ఎందుకంటే చుట్టూ ఊరంతా అదే.

అమెరికాలో తిరుగు ప్రయాణం లేదు. అక్కడి జనగణన సంస్థ సర్వేల ప్రకారం ఇంట్లో తెలుగు మాట్లాడేవారు 2010లో 2.2 లక్షల ప్రాంతంలో ఉండగా 2017 నాటికి 4 లక్షలు దాటారు. అంత వేగంగా పెరిగిన పెద్ద భాష అక్కడ ఆ కాలంలో మరొకటి లేదని అప్పట్లో తెలుగు పత్రికలు సంబరపడ్డాయి. ఆ పెరుగుదల ప్రధానంగా కొత్తగా విమానం దిగినవారిది. అక్కడే పుట్టిన బిడ్డ ఇరవై ఏళ్ల తర్వాత అదే సర్వేలో తెలుగు అని రాస్తుందా లేదా అన్నది ఆ అంకె చెప్పదు. 2007లో సిలికానాంధ్ర అనే సంస్థ మొదలుపెట్టిన మనబడి వంటి వారాంతపు బడులు మోస్తున్న బరువు ఇదే. వారానికి రెండు మూడు గంటల్లో ఒక భాషను నిలబెట్టడం ఎంత కష్టమో అక్కడ పాఠం చెప్పే స్వచ్ఛంద ఉపాధ్యాయులకు తెలుసు. వారి శ్రమకు చేతులెత్తి మొక్కాలి.

ఇక కంప్యూటర్ భాషల వైపు వద్దాం. పైథాన్‌లో ప్రత్యేకంగా కేటాయించిన మాటలు 35. సీ భాష తొలి ప్రామాణిక రూపంలో 32. నాలుగేళ్ల తెలుగు బిడ్డ నోట తిరిగే మాటలు వేలల్లో ఉంటాయి. నువ్వు అనాల్సిన చోటు, మీరు అనాల్సిన చోటు, అత్తయ్యకూ పిన్నికీ తేడా, 'వచ్చాడు', 'వచ్చింది', 'వచ్చారు' ఎవరికి వాడాలన్న విచక్షణ, ఇవన్నీ అదనం. కంప్యూటర్ భాషలో కష్టం మాటల్లో లేదు, ఆలోచనను మెట్టుమెట్టుగా విడగొట్టడంలో ఉంది. ఆ నేర్పు వయసుతో పాటు పెరుగుతుందే గానీ తరగదు. పైగా ఆ భాషలు చిరకాలం ఉండవు. ఇంటర్నెట్‌లో బొమ్మలను కదిలించడానికి ఒక తరం పిల్లలు ఇష్టపడి నేర్చుకున్న ఫ్లాష్‌కు 2020 డిసెంబరు 31తో అడోబీ మద్దతు ఆపేసింది. ఎనిమిదేళ్ల వయసులో నేర్చిన కంప్యూటర్ భాష ఇరవై రెండేళ్లకు ఉద్యోగంలో పనికొస్తుందన్న హామీ ఎవరూ ఇవ్వలేరు. భారతదేశపు 2020 జాతీయ విద్యా విధానం కూడా కోడింగ్‌ను ఆరో తరగతితో మొదలయ్యే మధ్య దశకే ఉంచింది. ఐదేళ్ల పిల్లలకు కోడింగ్ రాకపోతే భవిష్యత్తు లేదని భయపెట్టే ప్రకటనలను నమ్మనక్కర లేదు.

అయినా దేశం మారిన పిల్లలకు కంప్యూటర్ భాష ఇచ్చేది ఒకటుంది, దాన్ని తక్కువ చేయకూడదు. అది ఎవరికీ మాతృభాష కాదు. సంవత్సరం మధ్యలో కొత్త దేశంలో కొత్త బడిలో చేరిన పన్నెండేళ్ల బిడ్డ ఉచ్చారణకు తరగతిలో నవ్వేవారు ఉంటారు. కంప్యూటర్ ముందు మాత్రం అందరూ ఒకే దూరం నుంచి వచ్చినవారే. కుండలీకరణం (బ్రాకెట్) మూయడం మరిచిపోతే ఆ దేశంలో పుట్టిన బిడ్డకూ నిన్న వచ్చిన బిడ్డకూ తెర మీద కనిపించే తప్పు ఒకటే. కొత్తచోట బెరుకుగా ఉండే పిల్లలు కోడింగ్‌లో ఊరట వెతుక్కోవడానికి ఇది చాలు. వెబ్‌సైట్లకు వాడే పీహెచ్‌పీ అనే కంప్యూటర్ భాష సృష్టికర్త రాస్మస్ లెర్డార్ఫ్ 1968లో గ్రీన్‌లాండ్‌లో ఒక దీవిలో పుట్టి, డెన్మార్క్‌లో పెరిగి, కౌమారంలో కెనడా చేరారు. లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌ను మొదలుపెట్టిన లినస్ టోర్వాల్డ్స్ ఫిన్లాండ్‌లో స్వీడిష్ మాట్లాడే చిన్న సమూహానికి చెందినవారు. రూబీ అనే కంప్యూటర్ భాషను 1995లో విడుదల చేసిన యుకిహిరో మత్సుమోతో జపాన్‌వారు. దేశాలు మారడం వల్లో, భాషల మధ్య పెరగడం వల్లో వీరు గొప్ప పనులు చేశారని చెప్పడానికి ఆధారం లేదు, అలా చెప్పకూడదు కూడా. ఇంటి భాషను వదులుకోకుండానే ఆ పనులు చేయవచ్చని మాత్రం వీరిని చూపి నిక్కచ్చిగా చెప్పవచ్చు.

మనిషి భాషలు ఎక్కువ వస్తే కంప్యూటర్ భాషలు సులువవుతాయా అన్నది తల్లిదండ్రులు తరచూ అడిగే ప్రశ్న. 2020లో వచ్చిన రెండు అధ్యయనాలు దీనికి రెండు వైపుల నుంచి జవాబిచ్చాయి. ఎంఐటీలో ఆనా ఇవనోవా, ఎవలీనా ఫెడొరెంకో బృందం ప్రోగ్రాములు చదువుతున్నవారి మెదడును స్కాన్ చేసింది. భాషను అర్థం చేసుకునే ప్రాంతాలు పెద్దగా స్పందించలేదు. లెక్కలు, పొడుపుకథల వంటి క్లిష్టమైన పనులకు వాడే సాధారణ వ్యవస్థ చురుకుగా పనిచేసింది. వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో చాంటెల్ ప్రాట్ బృందం ప్రోగ్రామింగ్ తెలియని 36 మందికి పైథాన్ నేర్పించింది. ఎవరెంత బాగా నేర్చుకున్నారన్న తేడాలో కొత్త భాష నేర్చుకునే సహజ నేర్పు వివరించగలిగింది 17 శాతం. లెక్కల నైపుణ్యం వివరించింది 2 శాతం. తర్కబుద్ధి, జ్ఞాపకశక్తి వాటా రెండింటికన్నా పెద్దది.

ఈ ఫలితాల మధ్య వైరుధ్యం లేదు. నేర్చుకునే దశ వేరు, వచ్చిన తర్వాత చదివే దశ వేరు. మనది కాని నియమాల వ్యవస్థలోకి అడుగుపెట్టి, దాని పద్ధతిని ఒప్పుకుని, తప్పులు చేస్తూ ముందుకు సాగే ఓపిక రెండుచోట్లా కావాలి. అరబిక్ బడిలో కుడి నుంచి ఎడమకు రాయడం నేర్చిన బిడ్డకు ఆ ఓపిక అలవాటై ఉండవచ్చు. అంతకుమించి ఆశ పెట్టుకోవడం తగదు. రెండు భాషల పిల్లల బుద్ధి మిగతావారికన్నా చురుకుగా ఉంటుందన్న ప్రచారం కూడా పెద్ద సమీక్షల్లో నిలబడలేదు. తెలుగు నేర్పడానికి అలాంటి లాభం చూపనవసరం లేదు. అమ్మమ్మతో మధ్యవర్తి లేకుండా మాట్లాడగలగడం చాలినంత లాభం.

రెండు రకాల భాషలూ వచ్చినవారికే కనిపించే కొన్ని విషయాలు మాత్రం ఉన్నాయి. తెలుగు బడిలో సంధులు చదివిన పిల్లలను తీసుకుందాం. ఉత్తునకు అచ్చు పరమైనప్పుడు సంధి అవుతుంది. ఇది కంప్యూటర్‌కు అక్షరాలా అప్పగించగలిగిన నియమం: ఉకారం చివర ఉంటే, తర్వాత అచ్చు వస్తే, ఉకారం తీసెయ్. సంస్కృతంలో పాణిని ఇలాంటి సూత్రాలను ఎంత కట్టుదిట్టంగా రాశారంటే, ప్రోగ్రామింగ్ భాషల వ్యాకరణం రాయడానికి జాన్ బాకస్ ప్రతిపాదించిన పద్ధతికి పాణిని పేరు కూడా చేర్చాలని 1967లో ఒక కంప్యూటర్ శాస్త్రజ్ఞుడు లేఖ రాశారు. కానీ తెలుగు పుస్తకంలో తర్వాతి పేజీ తిప్పితే అత్వ సంధి వస్తుంది, దానికి సంధి 'బహుళం' అంటుంది. మేన, అల్లుడు కలిస్తే మేనల్లుడు తప్పదు. పుట్టిన, ఇల్లు కలిస్తే పుట్టినిల్లు అనవచ్చు, పుట్టినయిల్లు అనవచ్చు. అమ్మ, ఇచ్చెను కలిస్తే సంధి అసలే జరగదు, యకారం వచ్చి చేరుతుంది. ఒక, ఒక కలిస్తే ఒకానొక. బహుళం అనే మాటను కంప్యూటర్‌కు ఎలా చెప్పాలి? ఏ పదానికి ఏది వర్తిస్తుందో ఒక్కొక్కటిగా రాసివ్వాలి, లేదా లక్షల వాక్యాలు చూపి అలవాటు చేయాలి. మనిషి బిడ్డకు ఇంట్లో వింటూ పెరగడంతోనే వచ్చేది సరిగ్గా ఇదే. రెండు భాషలకూ కావలసిన వయసులు ఎందుకు వేరో ఈ ఒక్క సంధిలో తెలిసిపోతుంది.

ఇంకొకటి. పైథాన్‌లో 'తెలుగు' అన్న మాట పొడవు అడిగితే 6 అని చెబుతుంది. చదివేవారి కంటికి ఉన్నవి మూడు అక్షరాలు. కంప్యూటర్లలో అన్ని లిపుల అక్షరాలకూ సంకేతాలు కేటాయించే యూనికోడ్‌లో త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము విడివిడిగా నిల్వ ఉండటం దీనికి కారణం. అదే మాటను తిరగేయమంటే 'గులుతె' వస్తుందనుకుంటాం. తెర మీద కనిపించేది ముందొక ఒంటరి కొమ్ము, ఆ తర్వాత 'గులెత'. మిగతా గుణింతపు గుర్తులు పక్క హల్లుకు అంటుకుపోయాయి. 'స్త్రీ' తెలుగు చదివేవారికి ఒక్క అక్షరం. యూనికోడ్ నియమాలు దాన్ని ఒకే ముక్కగా గుర్తించడం 2023లో వచ్చిన 15.1 రూపంతోనే మొదలైంది. 2018 ఫిబ్రవరిలో జ్ఞా అక్షరాన్ని ఒక ప్రత్యేక క్రమంలో పంపితే ఐఫోన్లలో సందేశాల యాప్‌లు మూసుకుపోయేవి. కంటికి కనబడని ఒక విభజన గుర్తు ఆ క్రమంలో దాగి ఉండటం వల్ల వచ్చిన చిక్కు అది. కొద్ది రోజుల్లోనే, ఫిబ్రవరి 19న, యాపిల్ సవరణ విడుదల చేసింది. కోట్ల మంది చేతిలో ఉండే సరుకులో ఇలాంటి లోపాలను ముందే పట్టుకోగలిగేది ఒత్తులూ గుణింతాలూ చిన్ననాటి నుంచి వేళ్లకు అలవాటై, ప్రోగ్రామింగ్ కూడా తెలిసినవారే. ఆ పనికి తెలుగు బడి మానేసిన ప్రోగ్రామర్ సరిపోరు.

కాబట్టి శనివారం తరగతుల్లో ఏది ఉంచాలన్న చోట జవాబు స్పష్టం. పన్నెండేళ్ల దాకా తెలుగును కదపకూడదు, కోడింగ్ వీలైతే పక్కన నడవాలి. రెండూ కలిసే దారి కూడా ఉంది. పైథాన్ 3లో చరరాశులకు తెలుగు పేర్లు పెట్టవచ్చు. 'ధర = 50' అని రాస్తే చక్కగా పనిచేస్తుంది. తెలుగు అంకెల్లో ౫౦ అని కొటేషన్ గుర్తుల మధ్య ఇచ్చి సంఖ్యగా మార్చమంటే 50 అని అర్థం చేసుకుంటుంది. స్క్రాచ్ అనే పిల్లల కంప్యూటర్ భాషను సొంత భాషలోని మాటలతో వాడిన పిల్లలు, ఇంగ్లీషు మాటలతోనే వాడిన వారి దేశపు పిల్లలకన్నా కొత్త ఆదేశాలను వేగంగా వాడుకలోకి తెచ్చుకున్నారని సాయమిందు దాస్‌గుప్తా, బెంజమిన్ మాకో హిల్ 2017లో చూపించారు. సంధి నియమాన్ని ప్రోగ్రాముగా రాయించడం, గుణింతాలను అచ్చు వేయించడం, తాతయ్య చెప్పిన సామెతలను పోగుచేసి వెతికే చిన్న యాప్ చేయించడం వంటివి తెలుగు బడిలోనే పెట్టవచ్చు. పెద్ద తరగతుల పిల్లలు బడి మానకుండా నిలబడటానికి ఇవి పాఠ్యపుస్తకం కన్నా ఎక్కువ పనిచేస్తాయి.

ఇప్పటికే తెలుగు సగం జారిపోయిన పిల్లల సంగతి మిగిలింది. చిన్నప్పుడు స్పానిష్ వింటూ పెరిగి, మాట్లాడక వదిలేసిన అమెరికన్ విద్యార్థులు కళాశాలలో ఆ భాష మళ్లీ నేర్చుకున్నప్పుడు, అసలు వినని తోటివారికన్నా వారి ఉచ్చారణ బాగుందని టెరీ ఔ బృందం 2002లో గమనించింది. మాంట్రియల్ అమ్మాయిల్లో కనిపించిన జాడ లాంటిదే ఇక్కడ ప్రయోజనంగా మారింది. విస్కాన్సిన్, బర్క్‌లీ, ఆస్టిన్ వంటి విశ్వవిద్యాలయాల్లో తెలుగు తరగతులు నడుస్తూ వచ్చాయి. అలాంటి తరగతికి వచ్చే తెలుగింటి విద్యార్థికి 'అన్నం తిన్నావా' అని ఎవరూ నేర్పనక్కర లేదు. ఆవకాయ, అలక, మారాం, మొహమాటం అన్నీ తెలుసు. రానివి అక్షరాలు, ఇంటి బయటి మాటలు, 'మీరు' అంటూ పెద్దలతో ఒక పూర్తి సంభాషణ నడపడం. విదేశీయుల కోసం రాసిన వాచకం వారికి మొదటి ఇరవై పాఠాలు విసుగు పుట్టిస్తుంది, ఇరవై ఒకటో పాఠంలో వదిలేసి వెళ్లిపోతుంది. వారికి కావలసిన పుస్తకం లిపితో మొదలై, రెండో వారానికే వార్తాపత్రికలోని చిన్న వార్త దాకా వెళ్లి, ఆ వార్తను ఫోనులో తాతయ్యకు తెలుగులో చెప్పించేదిగా ఉండాలి.